ఇరవై రెండులోంచి నాలుగు

ప్రద్యుమ్న మాస్టారు పదిహేడేళ్ళ సర్వీసులో నల్లబల్ల మీద ఒక్క తప్పు కూడా రాయలేదు. ఇది ఆయన చెప్పుకున్న గొప్ప కాదు. ఇన్‌స్పెక్షనుకొచ్చిన పెద్దలు చెప్పారు, తోటి మాస్టర్లు కొంచెం నొచ్చుకుంటూ ఒప్పుకున్నారు. మనుషులన్నాక ఎక్కడో ఒకచోట ఒక మైనస్ జారిపోతుంది. ఆయన దగ్గర జారదు. కూరలో ఉప్పు మర్చిపోయిన రోజులున్నాయి, రెండు వేరు వేరు జతల చెప్పులు తొడుక్కుని బడికొచ్చిన రోజులున్నాయి, పెళ్ళిరోజున భార్యకి ఫోను చెయ్యని సంవత్సరాలైతే వరసగా నాలుగున్నాయి. మైనస్ మాత్రం ఎప్పుడూ ఎక్కడుండాలో అక్కడే ఉంది.

వాళ్ళది విజయవాడ, సత్యనారాయణపురం. తాతగారు లెక్కల మాస్టారు, తండ్రిగారు లెక్కల మాస్టారు. మూడో తరంలో ఎవరైనా తిరగబడతారని చుట్టాలు ఆశపడ్డారు గానీ అలాంటిదేమీ జరగలేదు. భార్య శాంతకుమారికి బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో ఉద్యోగం. ఆయనకేమో బందరు అవతల సముద్రపొడ్డున హైస్కూల్లో పోస్టింగు. బస్సు ఆగిపోయినచోట ఆటో ఎక్కాలి, ఆటో ఆగిపోయినచోట నడవాలి, నడక ఆగిపోయినచోట సముద్రం. ఆ చివరి రెండిటికీ మధ్య ఉన్న పల్లెపాలెంలో అంకాలమ్మ ఇంటి ముందుగదిలో అద్దెకి దిగాడు. సోమవారం పొద్దున్నే రావడం, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి విజయవాడ వెళ్ళడం.

అంకాలమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. భర్త కొండలయ్య బోటుకి సరంగు, అంటే బోటు నడిపేవాడూ, అందులో ఉన్నవాళ్ళకి పెద్దా. కూతురు హేమ తొమ్మిదో తరగతి. మాస్టారు వచ్చిన నెలలోపే అంకాలమ్మ అరుగు మీద సాయంత్రపు హోంవర్కు క్లాసు మొదలైంది. పాత తలుపు రెక్క ఒకదానికి నల్లరంగు పూసి గోడకి వేలాడదీశారు. ఐదున్నరకి పిల్లలు చేరేవారు, ఏడింటికి దోమలు పంపించేసేవి.

ఆయన మతం ఒక్కటే: స్టెప్పులు. "జవాబు ఎవడైనా చెప్తాడు. చిలక కూడా చెప్తుంది. ఎలా వచ్చిందో రాయండి" అనేవాడు. రేఖాగణితమైతే నాలుగు గడపలు దాటాల్సిందే. దత్తాంశం, అంటే లెక్క మనకిచ్చింది. సారాంశం, అంటే మనం తేల్చాల్సింది. తర్వాత నిర్మాణం, తర్వాత ఉపపత్తి, అంటే నిరూపణ. ప్రతి స్టెప్పు పక్కనా కారణం రాయాలి. కారణం లేని స్టెప్పుని ఆయన టిక్కెట్టు లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూసేవాడు. రాంబస్ కర్ణాలు లంబంగా ఖండించుకుంటాయని నిరూపించడానికి ఓ రోజు పుస్తకం పక్కన పెట్టి కొండలయ్య వలనే అరుగు మీద పరిచాడు. వల కన్ను రాంబస్సే. లాగితే సన్నబడుతుంది, వదిలితే వెడల్పవుతుంది, కర్ణాలు మాత్రం లంబంగానే ఉంటాయి. పిల్లలు ఆ సాయంత్రం దోమల్ని కూడా లెక్కచెయ్యలేదు. పుట్టినప్పట్నుంచీ కాళ్ళకి చుట్టుకుంటున్న వలలో సిద్ధాంతం ఉందని తెలిసి, కొండలయ్య కూడా దాన్ని మడతపెట్టేటప్పుడు ఓసారి అనుమానంగా చూసుకున్నాడు.

అక్కణ్ణించి మాస్టారికి ఊళ్ళోంచే లెక్కలు తీసుకోవడం అలవాటైంది. రొయ్యల బుట్టలు, ఐసు దిమ్మలు, డీజిలు డబ్బాలు, అన్నీ సమీకరణాలయ్యాయి. మేలే జరిగింది. కీడు గురువారం జరిగింది.

ఆ గురువారం తెల్లవారుజామున కొండలయ్య బోటు వేటకి వెళ్ళింది. శనివారం పొద్దుటికి రావాలి. సాయంత్రం మాస్టారు బోర్డు మీద తన అచ్చుగుద్దినట్టుండే దస్తూరీతో ఇలా రాశాడు:

ఒక బోటులో కొంతమంది వేటకు వెళ్ళారు. వారి సంఖ్యను మూడు రెట్లు చేసి నాలుగు కలిపిన 22 వచ్చును. వెళ్ళినవారెందరు?

వెనక్కి తిరిగి చూస్తే ఒక్క పెన్నూ కదలడం లేదు.

"రాసుకోండర్రా. ఏమైంది?"

హేమ పుస్తకం మూసి, ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"సార్, ఆ లెక్క వద్దు సార్."

"ఎందుకొద్దు? నిన్న డీజిలు డబ్బాలు చేశాం. ఇదీ అంతే."

"డబ్బాలు వేరు సార్. బోటెక్కినోళ్ళని లెక్కెట్టకూడదు. వెళ్ళినోళ్ళు వచ్చి గడప తొక్కేదాకా ఎంతమందని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు."

మాస్టారికి కోపం రాలేదు. అంతకంటే ప్రమాదమైనది, ఉత్సాహం వచ్చింది. మూఢనమ్మకాల మీద ఏడు నిమిషాలు ప్రసంగించాడు. సంఖ్య ఎవరికీ హాని చెయ్యదన్నాడు. లెక్కపెట్టినా పెట్టకపోయినా ఉన్నవాళ్ళు ఉన్నంతమందే ఉంటారన్నాడు. ఎవరూ చెయ్యకపోతే నేనే చేస్తానని సుద్దముక్క తీసుకుని, ఒక్కో స్టెప్పూ బిగ్గరగా చదువుతూ రాశాడు.

వెళ్ళినవారు x మంది అనుకొనుము.
3x + 4 = 22
3x = 22 − 4
3x = 18
x = 6

అలవాటు ప్రకారం సరిచూశాడు కూడా. ఆరు మూళ్ళు పద్దెనిమిది, నాలుగు కలిపితే ఇరవై రెండు. కింద రెండు గీతలు గీశాడు.

లోపల అంకాలమ్మ చేట కింద పెట్టిన చప్పుడైంది. ఆవిడకి చదువు రాదు గానీ అంకెలు వచ్చు. గుమ్మంలోకొచ్చి బోర్డు వంక చాలాసేపు చూసింది.

"ఆరేంటండీ మాస్టారూ?"

"ఊరికే లెక్కండీ. ఏ బోటూ కాదు."

"బోటనే చదివారు కదండీ. ఈయాళ వెళ్ళింది ఒక్క బోటేనండీ." ఎవరికీ వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి అంది. "అందులో ఏడుగురండీ."

ఆయన వెంటనే డస్టరు తీసుకున్నాడు. అంకాలమ్మ ఆయన చెయ్యి పట్టుకోలేదు గానీ పట్టుకున్నంత పని చేసింది.

"చెరపమాకండి! చెరిపితే ఆరు కూడా ఉండదు."

తిడతారేమోనని మాస్టారు రాత్రంతా సిద్ధపడ్డాడు. ఎవరూ తిట్టలేదు. మర్నాడు ఊరంతా ఆయనతో భరించలేనంత మర్యాదగా ఉంది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు పక్కకి తప్పుకుని "ముందు మీరు పట్టుకోండి మాస్టారూ" అన్నారు. ఎప్పుడూ అన్నం వేడిగా పెట్టని అంకాలమ్మ పొగలు కక్కుతూ పెట్టింది. ఎవరి ఇంట్లోనో పెద్దకర్మ జరుగుతున్నప్పుడు పురోహితుడికి చేసే మర్యాద లాంటిది అది.

శనివారం పొద్దుట బోటు రాలేదు.

గాలి లేదు, వాన లేదు. సముద్రం ఇస్త్రీ చేసిన పంచెలా ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళ బోట్లన్నీ వచ్చేశాయి, కొండలయ్య బోటు మాత్రం తమకి కనపడలేదన్నాయి. ఏడు ఫోన్లకీ చేస్తే ఏడూ ఒకే మాట చెప్పాయి, అందుబాటులో లేవని. పోలీస్ స్టేషన్లో చెప్పొచ్చారు. వాళ్ళు రాసుకున్నారు. బోటులో ఎంతమందని అడిగితే మాత్రం స్టేషనుకి వెళ్ళినవాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదట. చివరికి పేర్లు చెప్పి, మీరే లెక్కపెట్టుకోండన్నారట.

మధ్యాహ్నం మాస్టారు సంచీ సర్దుకుని ఆటో ఆగేచోటికి వెళ్ళాడు. అక్కడ చేపల బుట్టలతో నిలబడ్డ ఆడవాళ్ళు జరిగి ఆయనకి నీడలో చోటిచ్చారు. ఎందుకెళ్తున్నారని అడగలేదు, మళ్ళీ ఎప్పుడొస్తారని అడగలేదు. ఆటో వచ్చింది. ఎవరూ ఎక్కలేదు, ఆయన ముందెక్కుతాడని ఆగారు. ఆయన ఒక కాలు ఆటోలో పెట్టి, ఆ కాలు కాసేపు చూసుకుని, తీసేశాడు. గదికి తిరిగొచ్చి శాంతకుమారికి ఫోను చేశాడు.

"ఈవారం రాను. ఇక్కడ ఓ లెక్క తేలలేదు."

"మీకు తేలని లెక్కా?" అని నవ్వింది ఆవిడ.

"తేలిందనే బాధ."

ఆదివారం మధ్యాహ్నం ఆ బోటువాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా అరుగు మీదికొచ్చారు. ముందు అమలమ్మ. ఆమె భర్త కూడా ఆ బోటులోనే ఉన్నాడు. ఊళ్ళో ఎవరికీ భయపడని మనిషి.

"చర్చిలో ప్రార్థన చేయించాను. వీళ్ళు అమ్మవారికి మొక్కారు. ఇక మీరు మిగిలారు మాస్టారూ. ఆ లెక్కని విప్పి చెప్పండి. ఎక్కడో తప్పుంటది."

"తప్పు లేదమ్మా."

"చెప్పండి ముందు. మేం చూస్తాం."

ఆయన చెప్పాడు. పదిహేడేళ్ళలో అంత శ్రద్ధగా విన్న క్లాసు ఆయనకి దొరకలేదు. పద్నాలుగు కళ్ళు సుద్దగీత మీంచి కదల్లేదు.

"ఆ నాలుగు అటుంటే మనకేం? తియ్యడం ఎందుకు?" అంది అమలమ్మ.

"x ఒక్కటే మిగలాలి గనక రెండు పక్కలా నాలుగు తీసేస్తామమ్మా."

"మిగలాలని ఎవరన్నారు? ఉండనియ్యండి, పడుంటది."

"ఉంటే జవాబు రాదు."

"రాకపోతేనే బాగుండేది కదండీ" అంది అంకాలమ్మ వెనకనుంచి. అది ప్రశ్న కాదు.

మాస్టారు నుదురు తుడుచుకున్నాడు. "పోనీ, ఇంకో లెక్క రాస్తాను. ఇరవై రెండు బదులు ఇరవై ఐదు పెడితే సరిగ్గా ఏడొస్తుంది."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అంకాలమ్మే చెప్పింది. "అది ఇంకో బోటవుద్ది కదండీ."

దత్తాంశం మారితే లెక్క మారుతుందని పిల్లలకి చెప్పింది ఆయనే.

పొద్దు వాలింది. ఆడవాళ్ళు వెళ్ళలేదు. పిల్లలు మామూలు వేళకి పుస్తకాలతో వచ్చి, పెద్దవాళ్ళ మధ్య ఖాళీల్లో కూర్చున్నారు. ఆదివారం క్లాసు ఉండదు. ఎవరూ పిలవలేదు.

హేమ చెయ్యెత్తింది.

"సార్, దత్తాంశం మారిస్తే వేరే లెక్క. మధ్యలో స్టెప్పు తప్పు చేస్తే లెక్క అదే కదా సార్? జవాబొక్కటే మారుద్ది."

"అవును."

"పరీక్షలో ఒకే లెక్క రెండుసార్లు చేస్తే, ఒకటి కొట్టేస్తే, రెండోదే చూస్తారు కదా సార్?"

"అవును."

హేమ చెయ్యి దించి కూర్చుంది.

"కొట్టేస్తే చెరిపినట్టు కాదా?" అంది అంకాలమ్మ భయంగా.

"కాదండీ. కొట్టేసింది అక్కడే ఉంటుంది, కనపడుతూనే ఉంటుంది. లెక్కలోకి రాదు, అంతే."

"మా ఆయన లాగ" అంది అమలమ్మ. అని, నవ్వబోయి, కొంగు నోట్లో కుక్కుకుంది.

మాస్టారు లేచాడు. ఒక మనిషి తన ధర్మం తప్పడానికి లేచినప్పుడు పూర్వం ఆకాశంలో ఏవో జరిగేవని చెబుతారు. ఆ సాయంత్రం ఏమీ జరగలేదు. ఓ కుక్క అరుగు కింద నుంచి లేచి అవతలికి పోయింది. ఆయన పాత స్టెప్పుల మీద ఒక ఏటవాలు గీత గీశాడు. పక్కన మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి చదవలేదు.

3x + 4 = 22
3x = 22 − 4

అక్కడ సుద్దముక్క ఆగిపోయింది. చేతికి ఒక అలవాటుంటుంది. అది పద్దెనిమిది రాస్తానంటుంది. ఒకటి కోసం సుద్దని బోర్డుకి ఆనించేసింది కూడా. ఆయన ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దబెట్టినట్టు, తన చేత తనే రాయించాడు.

3x = 21
x = 7

సరిచూడలేదు. కింద గీతలూ గీయలేదు. వెనక్కి తిరిగి, ఎవరో ఒకరు "తప్పు సార్!" అంటారని చూశాడు. మామూలు రోజుల్లో ఆయన చొక్కా బొత్తాం తప్పు పెట్టుకున్నా అరిచే పిల్లలు వాళ్ళు. ఒక్కరూ అనలేదు. తలలు వంచి, చప్పుడు లేకుండా, బోర్డు మీదున్నది ఉన్నట్టు ఎక్కించుకుంటున్నారు. ఇరవై రెండులోంచి నాలుగు పోతే ఇరవై ఒకటి అని పద్దెనిమిది నోటుపుస్తకాల్లో పడింది. అప్పుడు టైము ఆరుంపావు.

సోమవారం పదింటికి "బోటూ!" అన్న కేక వినపడింది.

ఊరంతా ఒడ్డుకి పరిగెత్తింది. మాస్టారూ వెళ్ళాడు గానీ, సముద్రానికి వీపుపెట్టి, ఊరివైపు తిరిగి నిలబడ్డాడు. పిల్లలు ఆ వింత చూసి నవ్వలేదు. తన కళ్ళ సంగతి ఆయనకి తెలుసు. నాలుగు తలకాయలు కనపడితే చాలు, అడక్కుండానే కూడేస్తాయి. ఇంజను చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. నీళ్ళలోకి దూకిన చప్పుళ్ళు వినపడ్డాయి. అవి లెక్కపెట్టకుండా ఉండటానికి ఆయన పదమూడో ఎక్కం గట్టిగా చదువుకున్నాడు. పక్కనించి ఒక్కో ఆడమనిషి ఒక్కో పేరు పిలుచుకుంటూ వెళ్ళింది. ఆ ఆడవాళ్ళెవరూ ఏడవలేదు. చివరికి అంకాలమ్మ గొంతు, తిడుతున్నట్టు: "ఎక్కడ సచ్చావయ్యా ఇన్నాళ్ళూ?"

అప్పుడు తిరిగి చూశాడు. కొండలయ్య ఇసకలో నడిచొస్తున్నాడు. చిక్కాడు, పెదవులు పగిలాయి. అందరూ వచ్చేశారని అమలమ్మ కేకపెట్టింది. అందరూ అంది, అంకె మాత్రం చెప్పలేదు.

మధ్యాహ్నం అంకాలమ్మ మాస్టారికీ కొండలయ్యకీ ఎదురెదురుగా పళ్ళేలు పెట్టింది. హేమ తండ్రి పక్కనే పుస్తకంతో కూర్చుంది. కొండలయ్య మామూలుగానే మాటల పొదుపరి. పులుసన్నం సగమయ్యాక తనంతట తనే చెప్పాడు.

"గురువారం దీపాలేళకి ఇంజను ఆగిందండీ. ఎందుకాగిందో తెలీదు. అన్నీ బానే ఉన్నాయి. నీళ్ళు కూడా కదల్లేదు."

"అలాగే ఉన్నారా అన్నాళ్ళూ?"

"ఉన్నాం. అది కాదండీ." చెయ్యి పళ్ళెంలో ఆపాడు. "వండిన కూడు నేనే పంచేవాణ్ణి. ఏడు వంతులు. అందరం తినేవాళ్ళం. ఒక వంతు మిగిలేది."

అంకాలమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"ఎవడ్రా తినందీ అంటే అందరూ తిన్నామనే అన్నారు. నేనూ తిన్నాను. కడుపు నిండింది. వంతు మాత్రం అక్కడే ఉంది. శుక్కురారం అంతే, శనారం అంతే. ఒకణ్ణొకడు పేరెట్టి పిలుచుకుంటే అందరూ పలికేవాళ్ళు." మళ్ళీ ఒక ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా పట్టుకున్నాడు. "నిన్న పొద్దు గూకే ఏళకి మిగల్లేదండీ. అప్పుడే ఇంజనూ పలికింది."

మాస్టారు ఏదో అనాలి గనక "కాకతాళీయం" అన్నాడు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, ఆ నిమిషంలో ఆయనకి కూడా అంత బాగా అర్థం కాలేదు.

హేమ పుస్తకం తెరిచి, ఆదివారం రాసుకున్న పేజీ మీద వేలు పెట్టింది.

"సార్, నాలుగు తీస్తే పద్దెనిమిదే రావాలి. మీరు ఇరవై ఒకటి వేశారు. మూడు ఎక్కువ."

"అవునమ్మా."

"3x అంటే మనిషికి మూడు కదా సార్. అంటే మీరు ఎక్కువేసింది ఒక మనిషిని." ఆ పిల్ల గొంతులో పొగరు లేదు, భయం కూడా లేదు. స్టెప్పు పక్కన కారణం ఖాళీగా ఉంటే అడగాలని నేర్పిన పిల్ల, అంతే. "ఆ మనిషిని ఎక్కణ్ణించి తెచ్చారు సార్?"

వీధిలో ఎవరో ఎండుచేపల మీద కాకుల్ని అదిలిస్తున్నారు. కొండలయ్య ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. ఆయన కూడా జవాబు కోసమే చూస్తున్నాడని, మాస్టారికన్నా ముందు అంకాలమ్మకి అర్థమైంది. ఆవిడ వంగి, కూతురి ఒళ్ళో పుస్తకాన్ని చప్పుడయ్యేలా మూసింది.

"ఎల్లినోళ్ళని లెక్కెట్టకూడదని తెలుసు గదా నీకు? వచ్చినోళ్ళని ఎక్కణ్ణించొచ్చారని అడక్కూడదు, అదీ తెలుసుకో. లే. మీ నాన్నకి మజ్జిగ పొయ్యి."

హేమ లేచింది. చెంబు తెచ్చి, తండ్రి ముందు వంగి, పళ్ళెంలోకే చూస్తూ, ఆయన చాలనేదాకా పోసింది.